974 కిలోమీటర్లా, 1,053 కిలోమీటర్లా? విశాఖ తీరం మీద పరిశోధనకు సలహాలు కావాలి

ఇసుకగీత | శనివారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. నేను విశాఖలో సివిల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. అంశం ఇంకా ఖరారు కాలేదు. పర్యావరణం, ఇంజినీరింగ్, జ్యామితి, వ్యాపారం కలిసే చోట పని చేయమని మా గైడు గారు చెప్పారు. మొదట ముడసర్లోవ జలాశయం మీద తేలుతున్న 2 మెగావాట్ల సౌర ఫలకాల గురించి ఆలోచించాను. తర్వాత కొండల మధ్య గిన్నెలా ఉన్న మన నగరంలో పొగ ఎలా చిక్కుకుపోతుందో చూద్దామనుకున్నాను. రెండూ మంచి అంశాలే. కానీ నా మనసు ఆర్కే బీచ్ వదిలి రావడం లేదు. చిన్నప్పుడు నాన్నగారి చెయ్యి పట్టుకుని మెట్లు దిగితే, ఇసుకలో చాలాసేపు నడిస్తే గానీ కాళ్లకు నీళ్లు తగిలేవి కావు. ఇప్పుడు కొన్ని నెలల్లో అలలు మెట్ల దాకా వస్తున్నాయి, మరికొన్ని నెలల్లో మళ్లీ ఇసుక కనిపిస్తోంది.

చదవడం మొదలుపెట్టగానే ఒక చిక్కు ఎదురైంది. పాఠ్యపుస్తకాల్లో మన రాష్ట్ర తీరం పొడవు 974 కిలోమీటర్లు. కేంద్ర హోం శాఖ కొత్త లెక్కలో 1,053.07 కిలోమీటర్లు. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలు చూసి చేసిన అధ్యయనంలో 1,027.58 కిలోమీటర్లు, అందులో 28.7 శాతం కోతకు గురవుతోందని ఉంది. మూడూ ప్రభుత్వ లెక్కలే. నేను ఏది రాయాలి? పొడవే తేలకపోతే అందులో ఎంత శాతం కోతకు గురైందో ఎలా చెప్పగలను?

లెక్కల మాస్టారు | శనివారం, రాత్రి 10.35

ఇసుకగీత గారూ, ఏ కొలబద్దతో కొలిచారో చెప్పకుండా తీరం పొడవు చెప్పడం కుదరదు. ఇది మీ తప్పు కాదు, ప్రభుత్వం తప్పూ కాదు, తీరం స్వభావమే అది.

యారాడ నుంచి భీమిలి దాకా ముగ్గురు బయలుదేరారనుకోండి. పడవలో వెళ్లేవాడికి ఒక దూరం. తడి ఇసుక మీద నడిచేవాడు ప్రతి వంపూ తిరుగుతాడు కాబట్టి అతడికి ఇంకొంచెం ఎక్కువ. ప్రతి రాతి చుట్టూ తిరిగే పీతకు మరీ ఎక్కువ. కొలబద్ద చిన్నదయ్యేకొద్దీ పొడవు పెరుగుతూనే ఉంటుంది. ఒకే సరిహద్దు పొడవు ఒక్కో దేశం లెక్కల్లో ఒక్కో రకంగా ఉండటం గమనించి లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఈ సంగతి పట్టుకున్నాడు. 1967లో గణితవేత్త మాండెల్‌బ్రాట్ బ్రిటన్ తీరం మీద రాసిన వ్యాసంతో అది లోకానికి తెలిసింది.

మన దగ్గర పాత లెక్క 1970లలో 45 లక్షలకు ఒకటి స్కేలు పటాల మీద తీసింది. కొత్తది 2.5 లక్షలకు ఒకటి స్కేలు మీద తీసింది. అంటే కొలబద్ద సుమారు 18 రెట్లు చిన్నదయింది. ఇప్పుడు పొడవుల నిష్పత్తి సంవర్గమానాన్ని 18 సంవర్గమానంతో భాగించి, దానికి 1 కలపండి. వచ్చేది ఫ్రాక్టల్ మితి. తిన్నని గీతకు అది 1. గీత ఎంత వంకరగా ఉంటే అంత పెరుగుతుంది. ఇప్పుడే కాగితం మీద వేశాను:

దేశం మొత్తం 7,516.6 నుంచి 11,098.81 కిలోమీటర్లకు పెరిగింది, మితి 1.13.
గుజరాత్ 1,214.7 నుంచి 2,340.62కు పెరిగింది, మితి 1.23.
ఆంధ్రప్రదేశ్ 973.7 నుంచి 1,053.07కు పెరిగింది, మితి 1.03.

రిచర్డ్‌సన్ లెక్కలో బ్రిటన్ పశ్చిమ తీరానికి 1.25, దక్షిణాఫ్రికా తీరానికి 1.02 వచ్చాయి. మనది దక్షిణాఫ్రికా పక్కన కూర్చుంటుంది. ఖాతాలూ సింధుశాఖలూ తక్కువగా ఉన్న నునుపైన ఒడ్డు మనది. ఇంత అందమైన ఫలితం ప్రభుత్వ పట్టికలోనే కూర్చుని ఉంది. రాత్రి పదిన్నరకు నిద్ర పట్టేలా లేదు నాకు.

సముద్రగాలి | ఆదివారం, ఉదయం 6.50

మాస్టారూ, లెక్క చూశాను, ఆనందించాను. కానీ పర్యావరణ శాస్త్రం చెప్పే మనిషిగా ఒక అభ్యంతరం ఉంది. అదే పట్టికలో పశ్చిమ బెంగాల్ చూడండి. 157.5 నుంచి 721.02 కిలోమీటర్లకు పెరిగింది. మీ సూత్రం ప్రకారం మితి 1.53 వస్తుంది. ఒక తీరానికి అది నమ్మదగిన సంఖ్య కాదు. సుందర్బన్స్‌లోని పాయల ఒడ్లను ఇదివరకు లెక్కలోకి తీసుకోలేదనీ, ఇప్పుడు తీసుకున్నారనీ దానికి అర్థం. కొలబద్ద మారడమే కాదు, దేన్ని తీరం అంటున్నామో అది కూడా మారింది.

పుదుచ్చేరి ఇంకా స్పష్టం. అక్కడ 47.6 నుంచి 42.65కు తగ్గింది. కొలబద్ద చిన్నదైతే పొడవు పెరగాలి గానీ తగ్గకూడదు కదా! కాబట్టి గుజరాత్‌కు వచ్చిన 1.23 కూడా మొత్తం వంకరతనమే అనుకోలేం. కచ్ దగ్గర ఏయే పాయలను కలిపారో చూడాలి. ఇసుకగీత ఈ లెక్కను థీసిస్‌లో పెడితే ఈ రెండు రాష్ట్రాలనూ పక్కనే పెట్టాలి. లేకపోతే పరీక్షకులు మొదటి ప్రశ్నే అక్కడ వేస్తారు.

లెక్కల మాస్టారు | ఆదివారం, ఉదయం 8.05

ఒప్పుకుంటున్నాను. పుదుచ్చేరి నా కంట పడలేదు. ఒకే మనిషి, ఒకే పద్ధతితో, రెండు కొలబద్దలతో కొలిస్తేనే ఈ సూత్రం వాడాలి. ఆంధ్ర ఒడ్డుకు అలా మళ్లీ కొలిచి చూడటం ఒక చిన్న వ్యాసానికి సరిపోయే పని. రాత్రి నాకు కలిగిన ఉత్సాహం మాత్రం తగ్గలేదు.

రేవు ఇంజినీరు | ఆదివారం, ఉదయం 11.20

అమ్మా, ముప్పై ఏళ్లు రేవు పనుల్లో గడిపినవాడిగా చెబుతున్నాను. పొడవును పక్కన పెట్టు. నువ్వు కొలవాల్సింది వెడల్పు. మెట్ల నుంచి నీటి అంచు దాకా ఎన్ని మీటర్ల ఇసుక ఉంది, అది నెలనెలా ఎలా మారుతోంది? ఊరికి కావలసింది అది. దానికి కొలబద్ద చిక్కు లేదు, ఒక్క చోట నిలబడి ఒక్క దిక్కున కొలిస్తే చాలు.

ఇసుక ఎందుకు పోతుందో ముందు తెలుసుకో. నైరుతి గాలుల కాలంలో, అంటే దాదాపు మార్చి నుంచి అక్టోబరు దాకా, అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఇసుకను ఉత్తరానికి, భీమిలి వైపు నెడతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెనక్కి తెస్తాయి. రెండూ సమానం కావు. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఈ ప్రవాహానికి అడ్డంగా డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన 1933లో రేవు తెరిచారు. రేవు నోటిని అలల నుంచి కాపాడటానికి ఆనాడు రెండు పాత ఓడలను ముంచి అడ్డుగా పెట్టారు. 1970లలో బయటి రేవు వచ్చింది, అలలను ఆపే పెద్ద గట్లు, అంటే అలకట్టలు వచ్చాయి. దక్షిణం నుంచి వచ్చే ఇసుక ఇప్పుడు అక్కడ ఆగుతుంది. దానికోసమే ఇసుక ఉచ్చు అని ఒక లోతైన చోటు ఉంచారు. డ్రెడ్జర్‌తో అక్కడి ఇసుక తోడి ఉత్తరాన ఉన్న బీచిలో పోయాలి. సముద్రం తానే మోసుకెళ్లాల్సిన దాన్ని మనం మోస్తున్నాం. మోయడం ఆలస్యమైన ఏడాది ఆర్కే బీచ్ సన్నబడుతుంది.

జ్యామితి ఇక్కడా ఉంది. ఇసుక రవాణా అల విరిగే కోణానికి రెట్టింపు కోణం సైన్‌ను అనుసరిస్తుంది. అల ఎత్తు ప్రభావం ఇంకా పెద్దది, రెండున్నర ఘాతం. ఎత్తు రెట్టింపైతే ఇసుక కదలిక ఐదున్నర రెట్లు దాటుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన మర్నాడు ఒడ్డు చూసినవాడికి ఈ సూత్రం మళ్లీ చెప్పనక్కర్లేదు.

అలివివల | ఆదివారం, మధ్యాహ్నం 2.45

నమస్కారం. మాది పెదజాలరిపేట. డిప్లొమా చదివాను, నాన్నతో వేటకూ వెళ్తాను. ఇంజినీరు గారు చెప్పిన నెలలు మా లెక్కతో సరిపోతున్నాయి. అలివి వల లాగడానికి రెండు పక్కలా మనుషులు వరసగా నిలబడాలి, వెనక్కి నడవడానికి ఖాళీ ఇసుక ఉండాలి. జనవరిలో ఆ ఖాళీ ఉంటుంది. ఆషాఢంలో ఉండదు, పడవలను రోడ్డు దగ్గరికి లాక్కోవాలి.

పరిశోధన చేసే అక్కకు ఒక మాట. ఫోటోలు, ఉపగ్రహాలు అంటున్నప్పుడు జనవరి బొమ్మను జూలై బొమ్మతో పోల్చకండి. అలా పోల్చి ఒడ్డు పోయిందని చెబితే మా పేటలో ఎవరూ నమ్మరు. ఏ ఏడాది జనవరిని ఆ తర్వాతి ఏడాది జనవరితో పోల్చండి. ఇంకొకటి, పౌర్ణమి పోటులో తీసిన బొమ్మ, అష్టమి నాడు తీసిన బొమ్మ కూడా ఒకటి కావు.

ఇసుకగీత | ఆదివారం, రాత్రి 8.30

తమ్ముడూ, నువ్వు చెప్పిన రెండు మాటలూ నా నోట్సులో మొదటి పేజీలో రాసుకున్నాను.

ఇంజినీరు గారూ, వెడల్పు అన్న మాటతో నాకు దారి కనిపించింది. 2017లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కోస్ట్‌స్నాప్ అనే పద్ధతి మొదలైంది. బీచి పక్కన ఫోను పెట్టడానికి ఒక స్థిరమైన ఊతం బిగిస్తారు. దారిన పోయేవాళ్లు అందులో ఫోను ఆనించి బొమ్మ తీసి పంపుతారు. అన్నీ ఒకే చోటు నుంచి, ఒకే దిక్కుగా తీసినవి కాబట్టి నీటి అంచు ఎక్కడుందో లెక్కగట్టవచ్చు. దీన్ని మన బీచిలో చేస్తే? ఉపగ్రహం కంటే దగ్గరి చూపు. లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రంలో ఒక చుక్క (పిక్సెల్) 30 మీటర్లు, సెంటినెల్-2లో 10 మీటర్లు. మన బీచి ఒక సీజనులో మారేది ఆ చుక్కల్లోనే కలిసిపోవచ్చు.

ఏటవాలు బొమ్మను పై నుంచి చూసిన పటంగా మార్చడానికి తెలిసిన నాలుగు బిందువులు చాలని చదివాను. బీచ్ రోడ్డు దీపస్తంభాలు వాడుకుందామని ఈ సాయంత్రం వెళ్లి నాలుగు స్తంభాల స్థానాలు కొలిచి వచ్చాను. లెక్క మాత్రం రావడం లేదు. కంప్యూటర్ ఒక్కోసారి ఒక్కో పిచ్చి సమాధానం ఇస్తోంది.

లెక్కల మాస్టారు | ఆదివారం, రాత్రి 9.15

రాదు! స్తంభాలన్నీ ఒకే వరసలో ఉన్నాయి కదమ్మా.

కొంచెం విడమరిచి చెబుతాను, నాకు ప్రాణమైన విషయం ఇది. తిన్నని రైలు పట్టాలు బొమ్మలో దూరంగా కలిసిపోతాయి. కోణాలు మారతాయి, పొడవులు మారతాయి, సమాంతరాలు సమాంతరంగా ఉండవు. మారనిది ఒకటే: సరళరేఖ సరళరేఖగానే ఉంటుంది. ఒక తలం నుంచి ఇంకో తలానికి ఇలాంటి మార్పును పూర్తిగా చెప్పడానికి ఎనిమిది సంఖ్యలు కావాలి. ఒక్కో బిందువు రెండు సమీకరణాలు ఇస్తుంది. కాబట్టి నాలుగు బిందువులు. కానీ షరతు ఉంది: వాటిలో ఏ మూడూ ఒకే గీత మీద ఉండకూడదు. నాలుగు స్తంభాలూ ఒకే గీత మీద ఉంటే ఆ గీత గురించి మాత్రమే తెలుస్తుంది. ఆ గీతకు పక్కన, ఇసుకలో, ఏం జరుగుతోందో అవి ఒక్క ముక్క కూడా చెప్పవు. నీకు కావలసింది సరిగ్గా ఆ పక్కదే.

నీటి వైపు బిందువులు కావాలి. కదలని రాయి, పాతిన గుంజ, ఏదో ఒకటి.

రేవు ఇంజినీరు | ఆదివారం, రాత్రి 9.50

మాస్టారు చెప్పింది నిజం, కానీ ఇంకో మెట్టు ఉంది. నాలుగు బిందువుల సూత్రం అన్నీ ఒకే తలంలో ఉన్నప్పుడు. స్తంభం మొదలు రోడ్డు ఎత్తున ఉంది. నీటి అంచు దానికి మీటర్ల కొద్దీ కింద ఉంది. రోడ్డు తలంలో తీసిన లెక్కను నీటికి అంటగడితే అంచు ఎక్కడో పడుతుంది.

లెక్కల మాస్టారు | ఆదివారం, రాత్రి 10.10

అవును, తలం సంగతి నేను వదిలేశాను. అయితే బిందువులకు ఎత్తు కూడా కొలవాలి. అప్పుడు కెమెరా స్థానం, దిక్కు, కటకం అన్నీ కలిపి పదకొండు సంఖ్యలు. కనీసం ఆరు బిందువులు కావాలి, అవన్నీ ఒకే తలంలో ఉండకూడదు. ఈసారి రోడ్డు, ఇసుక వేరువేరు ఎత్తుల్లో ఉండటమే మేలు చేస్తుంది. కొన్ని పైన, కొన్ని కింద ఎంచుకోండి. ఎనిమిదో పదో తీసుకుంటే తప్పులు సర్దుకుంటాయి.

ఊతం ఎక్కడ పెట్టాలో కూడా లెక్క వేశాను. ఫోను బొమ్మ అడ్డంగా 65 డిగ్రీలను 4,000 చుక్కల్లో చూపిస్తే ఒక్కో చుక్క సుమారు 0.00028 రేడియన్లు. ఫోను ఇసుకకు 10 మీటర్ల ఎత్తున ఉంటే, 200 మీటర్ల దూరంలో ఒక చుక్క తప్పు చూపు దిశలో 1.1 మీటర్లు. 500 మీటర్ల దూరంలో 7 మీటర్లు. దూరం వర్గంలో పెరుగుతుంది కాబట్టి అలా. అదే చూపుకు అడ్డంగా అయితే 500 మీటర్ల దగ్గర కూడా 14 సెంటీమీటర్లే. కాబట్టి సముద్రానికి ఎదురుగా కాకుండా, ఒడ్డు వెంబడి పక్కకు చూసేలా బిగించండి. పెద్ద తప్పు బీచి పొడవులో కలిసిపోతుంది, మనకు కావలసిన వెడల్పు శుభ్రంగా వస్తుంది.

నిర్వాహకుడు | సోమవారం, ఉదయం 7.00

నగరంలో గాలి కాలుష్యం మీద వచ్చిన నాలుగు సందేశాలను వేరే చర్చలోకి మార్చాను. ఇక్కడ తీరం గురించి కొనసాగించండి.

రేవు ఇంజినీరు | సోమవారం, ఉదయం 7.40

ఆటుపోట్ల సంగతి జాలరిపేట అబ్బాయి ముందే చెప్పాడు, నేను అంకెలు ఇస్తాను. విశాఖలో పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటుకూ ఆటుకూ మధ్య తేడా సుమారు 1.4 మీటర్లు. ఇసుక వాలు పదికి ఒకటి అనుకుంటే, ఒక్క ఇసుక రేణువు కూడా కదలకుండానే నీటి అంచు 14 మీటర్లు ముందుకూ వెనక్కూ పోతుంది. వాలు ఇరవైకి ఒకటైతే 28 మీటర్లు. కాబట్టి ప్రతి బొమ్మకూ సమయం నిమిషాలతో సహా ఉండాలి. ఆ సమయానికి నీటిమట్టం ఎంతో చూసి, అంచును ఒకే మట్టానికి తేవాలి. విశాఖ రేవులో సముద్రమట్టం లెక్కలు 1937 నుంచి ఉన్నాయి. దేశంలో అంత పాత రికార్డు ఉన్న రేవులు కొన్నే. వాడుకోండి. వాలును కూడా నెలకు ఒకసారి కర్రలు పాతి కొలవండి, అది కూడా మారుతుంది.

సముద్రగాలి | సోమవారం, మధ్యాహ్నం 1.15

ఇంతసేపూ ఇసుకను వెడల్పుగా, ఘనపరిమాణంగా మాత్రమే చూశాం. అది ఇల్లు కూడా. మన ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా గుడ్లు పెడతాయి. గుడ్లు పొదగడానికి దాదాపు 45 నుంచి 60 రోజులు. గూటి ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో తేలుతుంది. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ. రేవు లోపలి నుంచి తోడిన ఇసుక రంగు ముదురుగా ఉంటే ఎక్కువ వేడెక్కుతుంది. రేణువులు మరీ సన్నగా ఉంటే గట్టిపడి తల్లి తాబేలు తవ్వలేదు. గుడ్ల కాలంలో పైన ఇసుక పోస్తే గూళ్లు పూడిపోతాయి.

అందుకే వెడల్పుతో పాటు మరో రెండు కొలవమని ఇసుకగీతను బతిమాలుతున్నాను: రేణువు పరిమాణం, గూటి లోతులో ఉష్ణోగ్రత. రేవు ఇసుక అయితే భార లోహాల పరీక్ష కూడా. వెడల్పు పెరిగి తాబేలు రాని బీచిని నేను బాగుపడిన బీచి అనలేను.

కొత్తబేరం | సోమవారం, రాత్రి 8.50

నేను కంచరపాలెం. మేనేజ్‌మెంట్ చదివి సొంతంగా చిన్న సంస్థ నడుపుతున్నాను. మీ గైడు గారు చెప్పిన నాలుగోది, వ్యాపారం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఈ బొమ్మలు, ఈ లెక్కలు మూడేళ్ల తర్వాత కూడా నడవాలంటే డబ్బు ఎవరిస్తారు? పీహెచ్‌డీ అయిపోగానే ఊతం తుప్పు పట్టిపోతుంది. ముందు ఈ పద్ధతికి పేటెంటు తీసుకోండి. బీచ్ రోడ్డు హోటళ్లకు, బీమా సంస్థలకు నెలవారీ నివేదికలు అమ్మండి.

అలివివల | సోమవారం, రాత్రి 9.20

అన్నా, మా ఒడ్డు బొమ్మలు మా పిల్లలు తీసి పంపాలి, అవి కొనుక్కుంటే గానీ మేము చూడకూడదా? ఇది నాకు నచ్చలేదు. ఒడ్డు ఎంత మిగిలిందో అందరికంటే ముందు తెలియాల్సింది పడవ లాగేవాడికి.

రేవు ఇంజినీరు | సోమవారం, రాత్రి 10.00

పేటెంటు మాట వచ్చింది కాబట్టి అలకట్టల మీద కనిపించే కాంక్రీటు దిమ్మల కథ చెబుతాను. టెట్రాపాడ్‌ను 1950లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో రూపొందించారు. నాలుగు కాళ్లు, ప్రతి రెండింటి మధ్యా 109.5 డిగ్రీలు. ఎలా పడేసినా మూడు కాళ్ల మీద నిలబడుతుంది. రెండు వరసలుగా పేరిస్తే దాదాపు సగం ఖాళీయే. ఆ ఖాళీల్లోకి దూరి అల బలం పోగొట్టుకుంటుంది. గోడ కడితే అల తిరిగి కొడుతుంది, ఖాళీ పెడితే అణుగుతుంది. దానికి పేటెంటు ఉండేది, ఆ సంస్థకు ఆదాయం వచ్చింది. ఆ డబ్బుతో పరిశోధన కూడా సాగింది. 1960లలో దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ రేవులో డోలోస్ అనే మరో ఆకారం పుట్టింది. దానికి పేటెంటు తీసుకోలేదు. ప్రపంచంలో ఎన్నో రేవులు రుసుము లేకుండా వాడుకున్నాయి. రెండూ బతికాయి. కాబట్టి పేటెంటు లేకపోతే పని చచ్చిపోతుందన్నది నిజం కాదు, పేటెంటు పాపమన్నదీ నిజం కాదు.

కొత్తబేరం | మంగళవారం, ఉదయం 6.30

రాత్రంతా ఆలోచించాను. అలివివల తమ్ముడు చెప్పింది న్యాయం. బొమ్మలు, వెడల్పు లెక్కలు అందరికీ ఉచితంగా ఉండాలి. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అయితే ప్రశ్న అలాగే ఉంది, దాన్ని ఇంకోలా అడుగుతాను. ఇసుక పోసేవాడికి డబ్బు దేనికి ఇస్తాం? తోడి పోసిన ఘనపు మీటర్లకు. పోసిన మర్నాడు కొట్టుకుపోయినా బిల్లు బిల్లే. ఒప్పందాన్ని తిప్పి రాస్తే? కొంత సొమ్ము పోసినప్పుడు, మిగిలింది ఆరు నెలల తర్వాత నిలిచిన వెడల్పును బట్టి. అలా రాయాలంటే ఇరుపక్షాలూ నమ్మే కొలత కావాలి. ఇంతకాలం ఆ కొలత చవగ్గా దొరకలేదు. ఇసుకగీత గారి ఊతం ఆ కొలత ఇస్తుంది. నివేదికలు అమ్మడం కంటే ఇదే అసలైన కొత్తదనం అనిపిస్తోంది.

రేవు ఇంజినీరు | మంగళవారం, ఉదయం 9.10

బాబూ, ఇది వినదగిన మాట. రెండు కష్టాలు చెబుతాను, రెండింటికీ సమాధానం వెతకాలి.

మొదటిది తుపాను. మధ్యలో హుద్‌హుద్ లాంటిది వస్తే గుత్తేదారు ఏం చేస్తాడు? ఆ భయాన్ని ముందే ధరలో కలుపుతాడు. అల ఎంత ఎత్తు దాటితే ఎవరి నష్టమో ఒప్పందంలో అంకెతో రాయాలి.

రెండోది ముఖ్యం. పోసిన ఇసుక పోయిందంటే సముద్రంలో మాయమైందని కాదు, చాలా భాగం పక్కలకు పరుచుకుంటుంది. 1956లో పెల్నార్-కాన్సిడేర్ అనే ఫ్రెంచి ఇంజినీరు చూపించిన సంగతి ఇది: ఒడ్డు ఉబ్బు పరుచుకోవడం, ఇనుప కడ్డీలో వేడి పరుచుకోవడం ఒకే సమీకరణం. దాని ఫలితం చూడండి. పోసిన ముక్క పొడవు రెట్టింపు చేస్తే అది నిలిచే కాలం నాలుగు రెట్లు. ఏటా అర కిలోమీటరు చొప్పున ముక్కలుగా పోయడం కంటే, నాలుగేళ్లకు ఒకసారి రెండు కిలోమీటర్లు పోయడం మేలు కావచ్చు. ఇసుక అంతే, నిలకడ వేరు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ మాట గట్టిగా చెప్పలేకపోయాను. బడ్జెట్టు ఏడాదికి ఏడాది వచ్చేది, లెక్క ఆ ఏడాదిలోనే ముగించాల్సి వచ్చేది. ఆ బాధ ఇంకా ఉంది. ఈ పిల్ల థీసిస్‌లో ఆ ఒక్క పేజీ ఉంటే చాలు నాకు.

సముద్రగాలి | మంగళవారం, ఉదయం 9.45

నిలిచిన వెడల్పుకే డబ్బు ఇస్తే గుత్తేదారు కదలని ముతక ఇసుక, కంకర తెచ్చి పోస్తాడు. వెడల్పు నిలుస్తుంది, తాబేలు రాదు. రేణువు పరిమాణం ఒప్పందంలో ఉండాలి. గుడ్ల కాలంలో పని ఆపాలన్నది కూడా ఉండాలి.

కొత్తబేరం | మంగళవారం, ఉదయం 10.05

రాసుకున్నాను. ఈ రెండు షరతులూ పడిన తర్వాత ఖర్చు ఎంత పెరుగుతుందో పట్టిక వేసి ఇక్కడే పెడతాను.

ఇసుకగీత | మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 9.00

అందరికీ నమస్కారం. మా గైడు గారు అంశానికి ఒప్పుకున్నారు. శీర్షికలో పొడవు అన్న మాట లేదు, వెడల్పు ఉంది. మాస్టారి మితి లెక్క, సముద్రగాలి గారి పుదుచ్చేరి అభ్యంతరం రెండూ మొదటి అధ్యాయంలోకి వెళ్తున్నాయి.

ఇప్పటికి తాత్కాలికంగా కర్రతో చేసిన ఊతం పెట్టాను, ఒడ్డు వెంబడి చూసేలా. తొమ్మిది గుర్తులు కొలిచాను. ఐదు రోడ్డు ఎత్తున, నాలుగు ఇసుకలో రాళ్ల మీద. మొదటి వారం బొమ్మలో వచ్చిన వెడల్పునూ టేపుతో కొలిచిన వెడల్పునూ పోలిస్తే 9 మీటర్ల తేడా వచ్చింది. రెండు రోజులు తిండి సహించలేదు. చివరికి చూస్తే ఫోను గడియారం సమయానికీ నేను వాడిన ఆటుపోట్ల పట్టిక సమయానికీ ఐదున్నర గంటల తేడా ఉంది. పట్టిక గ్రీనిచ్ కాలంలో ఉంది, నేను మన కాలం అనుకున్నాను. పోటును ఆటుగా లెక్కవేశాను. సరిచేశాక తేడా మీటరున్నర లోపలికి వచ్చింది. మిగిలింది వాలు వల్ల అని నా అనుమానం. నిన్న కర్రలు పాతి కొలిస్తే మెట్ల దగ్గర పదకొండుకు ఒకటి, నీటి దగ్గర పదిహేడుకు ఒకటి వచ్చింది. ఒకే వాలు అనుకోవడం తప్పు.

గూటి లోతులో ఉష్ణోగ్రత కొలవడానికి రెండు చిన్న పరికరాలు పాతాను. జనవరికి ఎనిమిది చేస్తాను.

లెక్కల మాస్టారు | శనివారం, రాత్రి 9.30

వాలు రెండు ముక్కలుగా ఉంటే రెండు తలాలు తీసుకో, లేదా వంపు గీత తీసుకో. ఆదివారం కాగితాలు పట్టుకుని వస్తాను, బీచిలోనే కూర్చుని వేద్దాం. తొమ్మిది గుర్తుల్లో ఒక్కొక్కటి తీసేసి మిగిలిన ఎనిమిదితో లెక్క చేసి చూడు. ఏది తీస్తే ఫలితం ఎక్కువ కదులుతుందో ఆ గుర్తును మళ్లీ కొలవాలి.

ఇసుకగీత | శనివారం, రాత్రి 11.10

చేశాను మాస్టారూ. ఏడో గుర్తు. నీటికి దగ్గరగా ఉన్న నల్ల రాయి. అది లేకపోతే లెక్క బాగా కదిలిపోతోంది. పైగా గురువారం నుంచి బొమ్మల్లో అది సరిగా కనిపించడం లేదు.

అలివివల | ఆదివారం, ఉదయం 5.40

అక్కా, ఆ రాయి ముందు ఉన్నది మా బాబాయి పడవ. రంగు వేయడానికి అక్కడికి లాగారు. రంగు ఆరడానికి ఇంకా రెండు రోజులు పడుతుంది. ఈ ఉదయం వేట నుంచి రాగానే నలుగురం కలిసి పది అడుగులు ఉత్తరానికి జరుపుతాం. మీరూ మాస్టారూ ఏడింటికి వచ్చేయండి, అప్పటికి నీళ్లు బాగా దిగి ఉంటాయి, రాయిని మళ్లీ కొలుచుకోవచ్చు.